ఐదడుగుల అరుగు

సింగపూర్ లిటిల్ ఇండియాలో వాన పడితే గొడుగు అక్కర్లేదు. సెరంగూన్ రోడ్డు పక్కన కొట్ల ముందు వరసగా వసారాలున్నాయి. వాటి కిందనుంచే చాలాదూరం పోవచ్చు, సందు దాటేటప్పుడు నాలుగు చుక్కలు మీద పడతాయంతే. ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో అది మన అరుగులాంటిదే అనుకున్నాను. మా తాతయ్య కిరాణా కొట్టు ముందు అలాంటి అరుగే ఉండేది. కొట్టు ముందు, ఇల్లు వెనక. మధ్యాహ్నం బేరం లేనప్పుడు తాతయ్య దానిమీదే పడుకునేవాడు.

అరుగు కాదని తర్వాత తెలిసింది. అరుగు ఇంటివాళ్లది, ఎవరు కూచోవాలో వాళ్లే చెప్తారు. ఇక్కడి వసారా ఉన్న స్థలం ఇంటాయనదే, కానీ దానిమీద నడిచే హక్కు ఊరిది. ఇలా పెట్టమన్నది రాఫిల్స్. 1822లో ఊరి నమూనా గీయించినప్పుడు, ఇటుకా పెంకులతో కట్టే ప్రతి ఇంటి ముందూ వసారా వదలాలని, వీధికి రెండువైపులా అది తెగకుండా సాగాలని కమిటీకి ఆదేశాలిచ్చాడు. అంతకుముందు జావాని పాలించినవాడు కనక బటావియాలో చూసిందే ఇక్కడ పెట్టించాడని కొందరంటారు. మలయ్‌లో దీన్ని ‘కాకి లిమా’ అంటారు, అంటే ఐదడుగులు. ఇప్పుడు టేపు పెట్టి కొలిస్తే చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే వస్తుంది.

నీడగా ఉన్న జాగా ఖాళీగా ఉంటుందా? బియ్యం బస్తాలొచ్చాయి, మంగలి కుర్చీ వచ్చింది, ఉత్తరాలు రాసిపెట్టేవాడి బల్ల వచ్చింది. 1888 ఫిబ్రవరిలో మునిసిపాలిటీవాళ్లు వసారాలు ఖాళీ చేయించబోతే కొట్లన్నీ మూతపడ్డాయి, ట్రాముల మీద రాళ్లు పడ్డాయి. మూడు రోజుల గొడవ. చివరికి మనుషులు నడిచేంత దారి వదిలితే చాలన్న రాజీకి వచ్చారు. ఐదడుగుల కోసం ఊరు స్తంభించిందంటే వింతే కానీ, మన బజార్లలో తోపుడుబళ్ల మీదికి లారీ వచ్చిన రోజుని చూసినవాళ్లకి వింతనిపించదు.

ఇక ఇల్లు. షాప్‌హౌస్ అంటే పేరులో ఉన్నదే, కింద కొట్టు, పైన కాపురం. వీధివైపు ముఖం 15-20 అడుగులు, లోపలికి పోతే అంతకు మూడునాలుగింతలు. ఇరుగుపొరుగు ఇళ్లకి మధ్య ఉమ్మడి ఇటుక గోడ, ఆ గోడ మీంచి ఈ గోడ మీదికి కొయ్య దూలాలు. మధ్యలో స్తంభం లేకుండా దూలం ఎంత దూరం మోయగలదో ఇంటి వెడల్పు దాదాపు అంతే. నాలాంటి ఇంజనీరుకి ఇది చెప్పకుండానే నచ్చుతుంది. ఒక్క హద్దు ఒప్పుకుంటే మిగతా ఇల్లంతా దాన్నిబట్టి తేలిపోయింది. అంత పొడుగు ఇంటికి పక్క కిటికీలు పెట్టే వీల్లేదు. అందుకని నడుమ పైకప్పు తెరిచి గాలీ వెలుతురూ వాన నీళ్లూ లోపలికి రానిచ్చారు. మండువా లోగిలి తెలిసినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, మండువాని నిలువుగా సన్నగా సాగదీసినట్టుంటుంది.

అప్పటి గోడల గచ్చులో కూడా మన వాసనుంది. ‘మద్రాస్ చునాం’ అనేవారు. గవ్వసున్నం, కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి రుబ్బి, కొబ్బరిపీచు నానేసిన నీళ్లతో మెదిపేవారు. 1850ల్లో మొదలైన సెయింట్ ఆండ్రూస్ చర్చి గోడలకి పూసింది ఇదే. పూసింది ఎవరు? ఇండియానుంచి శిక్ష వేసి పంపిన ఖైదీలు. 1825 నుంచి 1873 దాకా సింగపూర్‌లో రోడ్లూ, ప్రభుత్వ భవనాలూ చాలావరకు వాళ్ల చేతుల మీదుగానే లేచాయి. మద్రాస్ ప్రెసిడెన్సీ అంటే అందులో మన జిల్లాలూ ఉన్నాయి. సున్నంలో బెల్లం, కరక్కాయ వేసే మేస్త్రీల గురించి విన్నవాళ్లకి ఆ చునాం పరాయిదనిపించదు.

ఇదంతా చెప్పి ముచ్చటపడిపోతే అబద్ధమవుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఇళ్ల పైఅంతస్తుల్ని చెక్క అడ్డాలతో గదులు గదులుగా కోసి, కిటికీలేని గదికొక కుటుంబాన్ని కుక్కారు. 1907లో సింప్సన్ అనే డాక్టరు నివేదిక రాస్తూ, వీపుకి వీపు ఆనించి కట్టిన ఇళ్ల మధ్య కొంత కొట్టేసి వెనకసందులు తియ్యమన్నాడు. ఇప్పుడు ఫొటోలకి అందరూ ఎగబడే వెనకసందులు, గుండ్రటి ఇనపమెట్లూ అందులోంచి పుట్టినవే. క్షయకి పూసిన మందు అనుకోవచ్చు.

1947లో అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది. అద్దె పెరగదు, యజమాని బాగుచెయ్యడు, అద్దెకున్నవాడు కదలడు. ఇళ్లు శిథిలమయ్యాయి. కానీ కూలనూ లేదు, చాలామంది కొట్లవాళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. 1989 జులైలో లిటిల్ ఇండియా, చైనాటౌన్, కాంపోంగ్ గ్లామ్ వగైరా ప్రాంతాల్ని రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఇవాళ దేశంలో అలాంటి భవనాలు 7,000 పైచిలుకు. దూలాలు, ఉమ్మడి గోడలు, కప్పు, గాలిబావి, కిటికీలు ఉంచాలి. చారిత్రక ప్రాంతాల్లో ఇల్లు మొత్తం ఉంచాలి, కొన్ని ఇతర ప్రాంతాల్లోనైతే వెనక భాగాన్ని ఎత్తుగా కట్టుకోనిస్తారు. 2001లో అద్దెల చట్టం కూడా పోయింది. రంగులొచ్చాయి, వాటితోపాటు ధరలొచ్చాయి. దూలానికి రక్షణ ఉంది, దాని కింద పప్పులు తూచేవాడికి లేదు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. అయితే చట్టం కొట్టువాణ్ణి ఎలా కాపాడాలి అని నన్నడిగితే జవాబు లేదు. ఏ వ్యాపారాన్ని అక్కడే మేకు కొట్టి ఉంచగలం?

మా తాతయ్య కొట్టుకి ఆ చర్చకూడా జరగలేదు. రోడ్డు వెడల్పులో అరుగూ, దానితోపాటు కొట్టులో సగమూ పోయాయి. గోడమీద ఎర్ర గీత గీసి, అంతవరకు కొట్టేశారు. మిగిలిన ముక్కకి మామయ్య షట్టరు పెట్టించి సెల్‌ఫోన్ల షాపుకి అద్దెకిచ్చాడు.

పాత షాప్‌హౌసుల్లో పైగది నేలలో చిన్న చెక్కమూత ఉంటుంది. రాత్రి ఎవరైనా తలుపు తడితే, అది తీసి కింద వసారాలో ఎవరున్నారో చూసి అప్పుడు దిగేవారట. నేను కొన్నాళ్లు పనిచేసిన ఆఫీసు అలాంటి పైగదిలోనే ఉండేది. మూత తియ్యకుండా పైన అద్దం బిగించి, నియమం పాటించారు. సాయంత్రాలు కంపైల్ అయ్యేలోపు వంగి చూస్తుండేవాణ్ణి. కింద దోస తినడానికి పోయేవాళ్ల బట్టతలలు, పూలదండలు, ఒకసారి ఎవరో పెద్దాయన స్తంభానికి ఆనుకుని చెప్పులు విప్పి కూచున్నాడు. దారికి అడ్డమని ఎవరూ లేపలేదు.