లెడ్-యాసిడ్ బ్యాటరీ

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో తొలి రూపమిచ్చిన ఈ బ్యాటరీలో లెడ్ డయాక్సైడ్ ధన పలకలు, స్పంజు వంటి సీసపు రుణ పలకలు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. ఒక్కో సెల్ సుమారు 2 వోల్టులిస్తుంది కనుక కారు బ్యాటరీలో ఆరింటిని వరుసగా కలుపుతారు. విద్యుత్తు వాడకంలో రెండు రకాల పలకలపైనా లెడ్ సల్ఫేటు ఏర్పడి ఆమ్లం పలచబడుతుంది. అందువల్లనే ఆమ్ల సాంద్రతను చూపే హైడ్రోమీటరు ఛార్జి స్థాయిని కూడా తెలుపుతుంది.

ఆమ్లం పోయకుండా అమ్మే డ్రై ఛార్జ్‌డ్ బ్యాటరీని వాడకానికి సిద్ధం చేసేటప్పుడు, తయారీదారు సూచించిన సాంద్రత గల ఆమ్లాన్ని (ఉష్ణ ప్రాంతాల్లో ఇది కొంత తక్కువగా ఉంటుంది) పలకలు మునిగేలా పోసి, అవి దాన్ని పీల్చుకునేదాకా ఆగి, మట్టం సరిచూసి, తక్కువ కరెంటుతో ఛార్జి చేయాలి. తొందరలో చాలామంది వదిలేసే ఈ తొలి ఛార్జింగే బ్యాటరీ మన్నికకు కీలకం. ఆ సమయంలో వెలువడే హైడ్రోజన్ పేలుడు స్వభావం గలది కాబట్టి గాలి ఆడే చోటు అవసరం, నిప్పురవ్వ నిషిద్ధం. తరువాత వాడకంలో తగ్గేది ప్రధానంగా నీరే కనుక డిస్టిల్డ్ వాటరు మాత్రమే కలపాలి.