ఊరు మారలేదు, బరి మారింది

2024 ఆగస్టు 2న కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్కిలీ విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే క్రీడా కూటమిలో చేరాయి. ఆ రెండూ ఉన్నది పసిఫిక్ ఒడ్డున. నడుమ ఒక ఖండం మొత్తం ఉంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను. టీవీ హక్కుల డబ్బు ఎటు పిలిస్తే అటు పోయి, తాతల నాటి పోటీదారులను వదిలేసుకున్న కాలేజీలు అక్కడ చాలా ఉన్నాయి. ఇలాంటిది మన వైపు జరిగిందా అని వెతకబోతే దారి తిన్నగా ఒడిశాలోని కోరాపుట్ కొండల్లోకి పోయింది.

మన దగ్గర కూటమి పని చేసేది అఫిలియేషన్. ఏ యూనివర్సిటీ కింద ఉంటే ఆ యూనివర్సిటీ కాలేజీలతోనే ఇంటర్ కాలేజియేట్ ఆడాలి. అక్కడ సెలక్టయినవాడే యూనివర్సిటీ బ్లేజరు తొడుక్కుని ఇంటర్ యూనివర్సిటీకి వెళ్తాడు. ఫొటో అంటించి, పుట్టినతేదీ రాసి, ఫిజికల్ డైరెక్టర్ సంతకం, ప్రిన్సిపాల్ ముద్ర వేయించిన ఎలిజిబిలిటీ ఫారం చూడండి. పైన ఉన్న యూనివర్సిటీ పేరు మారితే ఆ కుర్రాడి ప్రత్యర్థులందరూ మారిపోతారు.

ఒడిశాలోని పర్లాకిమిడి కాలేజీ 1896 నాటిది. అది మొదట మద్రాసు యూనివర్సిటీ కింద, తర్వాత ఆంధ్ర, ఆ తర్వాత ఉత్కళ, చివరికి బరంపురం యూనివర్సిటీ కింద నడిచింది. ఉన్నచోటనుంచి గజం కూడా జరగకుండా నాలుగు గొడుగులు మారింది. బరంపురం ఖల్లికోట కాలేజీదీ అదే కథ.

ఈ కథలో నాకు ప్రాణమైన కాలం 1926 నుంచి 1936 దాకా. ఆ పదేళ్లలో ఉన్నంత రసం మిగతా శతాబ్దంలో లేదు. 1926లో ఆంధ్ర యూనివర్సిటీ చట్టం వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి వైస్ ఛాన్సలర్. కేంద్రం ఎక్కడన్నదే పెద్ద తగాదా. మొదట బెజవాడ అన్నారు. రాజమండ్రివారు మాకన్నారు, అనంతపురంవారు మాకన్నారు. చివరికి 1930లో వాల్తేరు ఖాయమైంది. ఆ దూరం ఒప్పుకోలేక రాయలసీమ దత్తమండలాలు తిరిగి మద్రాసు యూనివర్సిటీ కిందికి పోయాయి. తెలుగువాళ్లందరికీ ఒకటే అనుకున్న యూనివర్సిటీలో సీమ కాలేజీలు లేకుండా పోయాయి. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి యూనివర్సిటీ కేంద్రం కావాలని రాయించుకున్నారంటే ఆ నొప్పి ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. చదువు కోసం జరిగిన ఈ వాదంలో ఆటగాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. అనంతపురం, విశాఖ కుర్రాళ్లు ఒకే జట్టులో ఆడే అవకాశం మాత్రం దాంతోనే పోయింది.

ఉత్తరాన కథ ఇంకో తీరు. 1931లో జయపురం గద్దెనెక్కిన విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాసిన రాజు. కష్టాల్లో ఉన్న ఆంధ్ర యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నాడు, ఇచ్చాడు. ఆ లక్షతో వాల్తేరులో సైన్సు చదువు నిలబడింది, అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అప్పటికి జయపురం జమీందారీ విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోది. సాలూరు దాటి, సుంకి ఘాటెక్కి, పొట్టంగి మీదుగా పోతే కోరాపుట్, ఆపైన జయపురం.

1935–36లో యూనివర్సిటీల మధ్య రోహింటన్ బారియా క్రికెట్ ట్రోఫీ మొదలైంది. ఆ తొలి సీజన్ అయిపోయేసరికి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, జయపురం కోరాపుట్ జిల్లాగా అందులోకి వెళ్లింది. డబ్బిచ్చిన రాజు ఒక రాష్ట్రంలో, ఆ డబ్బుతో నిలిచిన యూనివర్సిటీ ఇంకో రాష్ట్రంలో. 1943లో ఉత్కళ యూనివర్సిటీ పుట్టింది. 1947లో జయపురంలో కాలేజీ పెట్టినప్పుడు అది ఆ నీడలోకే చేరింది. 1967లో బరంపురం యూనివర్సిటీ, 1992లో కోరాపుట్ నుంచి రాయగడ విడిపోవడం, 2009లో కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ... ఇవన్నీ గబగబా జరిగిపోయినవే.

ఒడియావాళ్లు తమ భాషకు రాష్ట్రం కోరడం న్యాయం. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ సరిహద్దు గీతతో పోయినదాన్ని ఎవరూ లెక్కలో రాసుకోలేదు. జయపురానికి విజయనగరం ఒక పూట ప్రయాణం. సంతలు, సంబంధాలు, వైద్యాలు అటే. రాయగడ బజారులో ఈ రోజుకీ తెలుగులో బేరమాడవచ్చు. 1990ల చివర్లో కోరాపుట్–రాయగడ రైలుమార్గం పూర్తయ్యేదాకా, కోరాపుట్‌లో రైలెక్కినవాడు కొండ దిగి కొత్తవలస, విజయనగరం తిరిగితేగాని రాయగడ చేరేవాడు కాదు. అలాంటి కుర్రాడు మ్యాచ్ ఆడాలంటే మాత్రం విజయనగరం మహారాజా కాలేజీ జట్టుతో కాదు, వందల కిలోమీటర్ల అవతల బరంపురంలో ఆడాలి. రాష్ట్ర జట్ల రంజీలోనూ ఇదే తీరు. చాలా ఏళ్లు ఆంధ్ర దక్షిణ మండలంలో తమిళనాడు, కర్ణాటకలతో ఆడితే, ఒడిశా తూర్పు మండలంలో బెంగాల్, బీహార్‌లతో ఆడింది. ఘాటుకు పైనొకరు, కింద ఒకరు. ఇరుగుపొరుగులో పుట్టాల్సిన పోటాపోటీ పుట్టనేలేదు. దీన్ని నేను చిన్న నష్టం అనుకోను.

1936 అంటే విజ్జీ గుర్తుకు రాకుండా ఉండడు. విజయనగరం మహారాజకుమారుడు ఆ ఏడే ఇంగ్లండులో భారత జట్టుకు మూడు టెస్టుల్లో కెప్టెన్. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేసిన పర్యటన అది. ఆ పర్యటనలోనే ఆయనకు సర్ బిరుదు కూడా వచ్చింది. ఆటగాడిగా ఆయన మీద ఎన్ని మాటలున్నా, 1965లో పోయాక ఆయన పేరిట మొదలైన విజ్జీ ట్రోఫీ గొప్ప ఆలోచన. యూనివర్సిటీ కుర్రాళ్లు మండలాల జట్లుగా ఏర్పడి ఒకరితో ఒకరు తలపడే పోటీ అది. రెండు మండలాల కుర్రాళ్లు ఎదురెదురుగా నిలబడే చోటు అందులో దొరికింది. ఆ చోటు పేరు విజయనగరానిది కావడం నాకు ఎంతో నచ్చింది.

ఈ మధ్య జయపురం కాలేజీకే యూనివర్సిటీ హోదా వచ్చింది. దాని పేరూ విక్రమదేవే. బరంపురం దాకా పోకుండా ఇక అక్కడి పిల్లలు సొంత బ్లేజరు కుట్టించుకోవచ్చు. ఆంధ్ర యూనివర్సిటీవాళ్లు, జయపురంవాళ్లు ఏటా ఒక టోర్నమెంటు పెట్టుకోవాలని నా కోరిక. ఒక ఏడు వాల్తేరులో, ఒక ఏడు జయపురంలో. కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్, రిలే పరుగు. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, రాయగడ, గుణుపురం కాలేజీలను కూడా పిలవాలి. కప్పు మీద ఎవరి పేరు ఉండాలో రెండు పక్షాలకూ తగువు రాదు.