మార్చినా మారని ఫొటో

కంప్యూటర్లు రాకముందు ఫొటో స్టూడియోల్లో టచింగ్ అని ఒక పని ఉండేది. నెగెటివ్‌ను వెలుతురుకు అడ్డంగా వాలుబల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలున్న చోట సన్నగా చుక్కలు పెట్టేవారు. నెగెటివ్‌లో నలుపు పడిన చోటు ప్రింటులో తెల్లబడుతుంది గనక మొటిమ మాయమయ్యేది. పెన్సిల్ ఎక్కువైతే తుడిచేయొచ్చు. బ్లేడుతో గీకితే మాత్రం ఇక అంతే, పోయిన పొర తిరిగి రాదు.

నెగెటివ్ స్వరలిపి లాంటిది, ప్రింటు కచేరీ లాంటిది అన్నాడు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. అంతటివాడూ 1941లో తాను తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ నెగెటివ్ కింది భాగాన్ని 1948లో రసాయనంతో చిక్కబరిచాడు. అంటే స్వరలిపినే దిద్దేశాడు!

1990లో వచ్చిన ఫొటోషాప్‌ది బ్లేడు స్వభావమే. దిద్దిన ప్రతిసారీ పిక్సెల్‌లోని పాత అంకె పోయి కొత్తది కూర్చునేది. వెనక్కి వెళ్లడానికి ఒక్కటంటే ఒక్క అన్‌డూ. ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి కదా. 230, 250 ఉన్న రెండు చుక్కలకు వెలుగు 30 పెంచితే రెండూ 255 దగ్గరే ఆగిపోతాయి. మళ్లీ 30 తగ్గిస్తే రెండూ 225. మబ్బు అంచుకీ ఆకాశానికీ మధ్య ఉన్న ఆ కాస్త తేడా ఇక ఎక్కడా ఉండదు.

దీనికి విరుగుడు అసలు ఫొటో మీద భక్తితో పుట్టలేదు, మెమరీ కరువులోంచి పుట్టింది. పెద్ద ఫొటో తెరిస్తే ఆనాటి కంప్యూటర్లు చతికిలబడేవి. అందుకే బ్రూనో డెలియాన్ రూపొందించిన లైవ్ పిక్చర్ అనే ప్రోగ్రామ్ పిక్సెళ్లను ముట్టుకోకుండా, చేయాల్సిన మార్పులను గణిత సూత్రాలుగా రాసిపెట్టుకుని, చివర్లో ఒక్కసారే లెక్కకట్టేది. వంట చేయకుండా వంట విధానం రాసిపెట్టుకోవడమన్నమాట. ఆ ప్రోగ్రామ్ నిలవలేదు గానీ ఆలోచన నిలిచింది. ఫొటోషాప్‌లో 1994లో లేయర్లు, 1996లో మార్పును పిక్సెళ్లకు అంటనీయకుండా విడి పొరగా ఉంచే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వచ్చాయి. చాలా మెట్లు వెనక్కి వెళ్లనిచ్చే 1998 నాటి హిస్టరీ గురించి అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు గానీ, ఫైలు మూస్తే అదీ పోయేది.

అసలు మలుపు కెమెరా సెన్సర్ కొలతలను ఉన్నవున్నట్టు దాచే రా ఫైళ్లది. సెన్సర్‌లో ఒక్కో చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒక్కదాన్నే కొలుస్తుంది. ఆ కొలతలు ఇంకా బొమ్మే కాదు, ఎవరో ఒకరు వండాలి. 2003లో ఫొటోషాప్ సంస్థ అడోబీ తెచ్చిన కెమెరా రా అనే ప్రోగ్రామ్ ఆ పని చేస్తూ, రా ఫైలును కదపకుండా పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలు పెట్టే పద్ధతిని అలవాటు చేసింది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి: ఎక్స్‌పోజర్ +0.50 అని మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. మీరు గంటసేపు కూర్చుని చేసిన పనంతా ఆ కొన్ని కిలోబైట్లే. 2005లో యాపిల్ అపర్చర్, 2007లో అడోబీ లైట్‌రూమ్ కూడా అసలు ఫైలును ముట్టుకోకుండా మార్పులను విడిగా రాసుకోవడం మీదే నిలబడ్డాయి. ఉచితంగా దొరికే గింప్ అనే ప్రోగ్రామ్‌కు మాత్రం ఈ సౌకర్యం ఫిల్టర్లలో అమరడానికి 2025 దాకా పట్టింది.

రాసిపెట్టుకున్న వంట విధానం చదవడం తెలిసిన వంటవాడే లేకపోతే? అపర్చర్‌ను ఆపేస్తున్నట్టు యాపిల్ 2014లో ప్రకటించింది. 2019 నాటి మాక్ ఓఎస్‌లో అది తెరుచుకోనే లేదు. దాన్ని నమ్ముకున్నవాళ్ల అసలు ఫొటోలన్నీ భద్రం, వాటి మీద ఏళ్ల తరబడి చేసిన దిద్దుబాట్లే చిక్కుల్లో పడ్డాయి. మరో ప్రోగ్రామ్‌కు వెళ్తే, అంకెలు అవే అయినా లెక్క వేరు. లైట్‌రూమ్ కూడా 2012లో తన లెక్క మార్చుకుంది, కానీ పాతదాన్ని పారేయలేదు. 2007లో దిద్దిన ఫొటోను ఇవాళ తెరిస్తే, మనం మార్చమని చెప్పేదాకా ఆనాటి లెక్కతోనే వండి పెడుతుంది.