ఘంటసాల భగవద్గీత: శ్రోతల వాదములు

ఫిబ్రవరి 11 గుణదల మేరీమాత తిరునాళ్లలో ముఖ్యదినము. 1974లో సరిగా ఆ దినముననే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు మద్రాసులో కన్నుమూసిరి. వారు పాడియుంచిన భగవద్గీత రికార్డు ఆ పిమ్మటనే శ్రోతల చేతికి వచ్చినది. దానిపై మా ప్రాంతమున నాడు మొదలైన వాదము నేటికిని తెగలేదు.

వారు మన కృష్ణాజిల్లా వారే. 1922లో గుడివాడ సమీపమున చౌటపల్లిలో జన్మించి, విజయనగరమున సంగీతము నేర్చిరి. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) మొదలగు చిత్రములు వారి కంఠమును ఇంటింటికి తెచ్చినవి. గీతలోనైతే తెరపై పెదవి కదపు నటుడు లేడు, యుగళమునకు తోడుగాయని లేదు. నిలిచినను తప్పినను ఆ ఒక్క గొంతే.

మొదటి ఆక్షేపణ నాటకప్రియులది. తిరుపతి వేంకటకవుల కృష్ణునకు రాగము సాగదీసి 'వన్స్‌మోర్' కొట్టించుకొనుట అలవాటైన చెవులకు ఈ కృష్ణుడు మరీ పొదుపరిగా తోచెను. మాకు మాత్రము ఆ పొదుపే గుణము. రాగము శ్లోకమునకు లోబడియున్నది. సంస్కృతము రాని వానికి సైతము మాట విడివిడిగా వినవచ్చును.

ఏడువందల శ్లోకములలో నూటికి పైచిలుకు మాత్రమే ఏరుట లోపమని మరికొందరందురు. రికార్డుకు కాలపరిమితి యున్నది గదా! శ్లోకము వెంట తెలుగు తాత్పర్యము చదువుటవలన నాదము తెగుచున్నదను మాటను మేము కాదనలేము. పదవసారి వినునప్పుడు ఆ విరామము బరువే. కాని మొదటిసారి వినిన ఇల్లాలికి, రైతుకు, గీత తెలిసినది ఆ తాత్పర్యము చేతనే. అదియును గాయకుని నోటనే వచ్చుటవలన పాటకును మాటకును ఎడము తగ్గినది. కంఠమున 1951 నాటి మెరుపు లేదనుట నిజము. అర్జునుని విషాదమునకు ఆ మెరుపు అక్కరయేనా?

మాకు నిజముగా బాధ కలిగించునది వేరు. రానురాను ఆ రికార్డును చావు ఇంటివద్దను, శవవాహనము మీదను మ్రోగించు ఆచారము ప్రబలినది. యుద్ధమునకు లెమ్మని చెప్పిన గ్రంథమునకు ఇది యేమి గతి? అభిమానులలోనే కొందరు ఇంట పెట్టుటకు జంకుచున్నారు. ఒకనాటి వేకువన మేము గుణదలలోని మా ఇంట దానిని పెట్టితిమి. రెండవ శ్లోకము ముగియకమునుపే పొరుగింటి పెద్దావిడ కొంగు నోటికి అడ్డుపెట్టుకొని గుమ్మములో నిలిచి, "ఎవరికేమైనదమ్మా?" అని అడిగినది.