బాగ్-ఎ-ఆమ్: 'ప్రజల తోట'లో ప్రజలెవరు?

భిలాయ్‌లో పెరిగిన మాకు తోట అంటే మైత్రీబాగ్. 1955 నాటి భారత్-సోవియట్ ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం వచ్చింది. ఆ స్నేహానికి గుర్తుగా 1972లో ఈ తోట వేశారు. టికెట్ కొంటేనే లోపలికి పంపిస్తారు. అందుకే హైదరాబాద్ నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ గేటు దగ్గర అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు.

నేపథ్యం: 1846లో నిజాం పాలనలో వేసిన ఈ తోట అసలు పేరు బాగ్-ఎ-ఆమ్. 'ఆమ్' అంటే సామాన్యులు. మొఘల్ కోటల్లోని దివాన్-ఎ-ఆమ్‌లో ఉన్నది ఈ మాటే. అక్కడ సామాన్యుడు విన్నపం చేసుకోవచ్చు, హక్కు అడగలేడు. ఆ మరుసటి ఏడాదే, 1847లో, ఇంగ్లండ్‌లో బర్కెన్‌హెడ్ పార్కు ప్రజాధనంతో తెరుచుకుంది. రెండూ సామాన్యుల కోసమే. కానీ ఒకటి పాలకుడి దయ, రెండోది పట్టణం తన కోసం తాను పెట్టుకున్న ఖర్చు.

భవనాలు: తోటలోని జూబ్లీ హాలు 1913లో కట్టారు. 1937లో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పాలన రజతోత్సవాలు జరగడంతో దానికి ఆ పేరు స్థిరపడింది. పక్కనే టౌన్ హాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 40వ పుట్టినరోజుకు గుర్తుగా నగర పౌరులు చందాలు వేసుకుని కట్టించారు. 1905లో పని మొదలై 1913లో పూర్తయింది. తర్వాత అదే శాసనసభ అయింది.

విశ్లేషణ: ఇక్కడే నాకు చిక్కు ముడి కనిపించింది. పాలకుడు ఇచ్చిన తోటలో ఇవాళ ఎవరైనా తిరగొచ్చు. జనం డబ్బుతో లేచిన భవనంలోకి మాత్రం పాసు లేనిదే పోలేం. అయితే ఇది అన్యాయమని తేల్చేయలేం. అప్పటి జనం చందా ఇచ్చింది ప్రభువు పుట్టినరోజుకు. శాసనసభ అయ్యాక లోపల కూర్చున్నది మనం ఓటేసి పంపినవాళ్లు. ప్రజ పౌరుడైన క్రమం ఆ ఒక్క భవనంలోనే చదువుకోవచ్చు.

అలాగని టికెట్ పెట్టిన మా మైత్రీబాగ్‌ను తప్పుపట్టను, అక్కడ జంతువులను కూడా పోషించాలి. కానీ ఉచిత ప్రవేశం దానం కాదు, పౌరుడికి చెందాల్సినదని రాజ్యాంగం వచ్చాకే అనగలుగుతున్నాం.

అభ్యాస ప్రశ్న (150 పదాలు, 10 మార్కులు): సంస్థానాల కాలపు ప్రజా నిర్మాణాలు పాలకుల ఉదారతకు నిదర్శనమా, ఎదుగుతున్న పౌర సమాజానికి నిదర్శనమా? ఉదాహరణలతో చర్చించండి.