నీరు పారినట్టే మాటా పారుతుంది

ఆక్స్‌ఫర్డ్‌లోని బాన్‌బరీ రోడ్డులో 78వ నంబరు ఇంటి పెరట్లో ఒకప్పుడు ఇనుప రేకుల షెడ్డు ఉండేది. పొరుగింటివారు అభ్యంతరం చెప్పడంతో దాన్ని కొంత నేలలోకి దింపి కట్టారు. లోపల ఒకటే చలి. ఈదురుగాలి తగలకుండా కాళ్లను ఒక పెట్టెలో పెట్టుకుని పనిచేసేవాడు జేమ్స్ మర్రే. ఆయన ఒకప్పటి బడిపంతులు. 1885లో ఆ ఇంటికి వచ్చింది మొదలు 1915లో కన్నుమూసేదాకా అక్కడే కూర్చుని ఇంగ్లిషు మాటల పుట్టుపూర్వోత్తరాలు రాశాడు.

గోడల నిండా వెయ్యికి పైగా చిన్న చిన్న అరలు, వాటి నిండా కాగితపు చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక మాట, ఆ మాట వచ్చిన వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం. రాసి పంపినవారు మామూలు పాఠకులే. ఉత్తరాల తాకిడికి తపాలావారు ఆ ఇంటి ముందే ఒక ఎర్ర డబ్బా పెట్టించారు. మర్రే పిల్లలు పదకొండు మంది. చీటీలను అక్షర క్రమంలో పేర్చి చేతిఖర్చుకు చిల్లర సంపాదించుకునేవారు. అలా పోగైన చీటీలు 50 లక్షల పైమాటే. 1928లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పూర్తయ్యేసరికి అందులో 4,14,825 మాటలున్నాయి.

ఆ పనిలో దిగినవారిని ముప్పుతిప్పలు పెట్టినవి నోరు తిరగని పెద్ద మాటలనుకుంటాం. నిజానికి చిట్టి క్రియలతోనే వారికి ఎక్కువ చిక్కు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో 'టేక్' ఒక్కదానికే 134 అర్థాలు చెప్పాల్సివచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో 'సెట్'కు 430 అర్థాలు తేలాయి. ఆ తర్వాతి సవరణలో రికార్డు 'రన్' చేతికి వచ్చింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు ఆ ఒక్క మాటతోనే గడిపాడు. క్రియగా దానికి లెక్కతేలిన అర్థాలు 645.

ఇంత చిన్న మాటలో అంత సరుకు ఎక్కడిది? పాత ఇంగ్లిషులో దీని రూపాలు 'రిన్నన్', 'ఇర్నన్'. రెండో రూపంలో అచ్చు ముందుకు జరిగి, 'ర' వెనక్కి పోయింది. తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడిన వైకింగుల భాషలోనూ ఇదే కుదురు మాట ఉంది. వారి పలుకుబడి తోడై 'ర' మళ్లీ ముందుకొచ్చింది. ఈ స్థానాల మార్పిడి మనకు కొత్త కాదు. తమిళుల 'ఉరల్' మన 'రోలు', వారి 'ఇరండు' మన 'రెండు'. ఇలాంటి వర్ణవ్యత్యయాన్ని శాస్త్రీయంగా విడమరచి చెప్పినవారిలో మన భద్రిరాజు కృష్ణమూర్తి ముఖ్యులు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన రాసిన గ్రంథం 1961లో వెలువడింది.

'రన్' మొదటి నుంచీ కాళ్లకు, నీళ్లకు ఉమ్మడి మాట. దాని జర్మన్ చుట్టాల్లో 'రెన్నెన్' అంటే పరుగెత్తడం, 'రిన్నెన్' అంటే పారడం. 'గెరిన్నెన్' అంటే పాలు, నెత్తురు లాంటివి గడ్డకట్టడం. పాలు విరగడాన్ని ఇంగ్లండులోనూ 'రన్' అనేవారు. జున్నుగడ్డ కట్టడానికి పాలలో కలిపే 'రెన్నెట్' పేరు కూడా ఈ కుదురు నుంచే వచ్చిందని చెబుతారు. ఉరికే గుర్రానికీ పేరుకునే పాలకూ ఒకే మాట!

ఆవిరి యంత్రాలు వచ్చాక ఆ మాటకు మరింత పని పడింది. మిల్లు, రైలు, ప్రెస్సు అన్నీ 'రన్' అయ్యాయి. వాటిని నడిపే యజమాని కంపెనీని 'రన్' చేశాడు. చివరికి కంప్యూటర్‌లో ప్రోగ్రాం కూడా అదే మాటను ఆశ్రయించింది. క్రికెట్‌లో రన్ తెలియని తెలుగు పిల్లాడు లేడు. డిపాజిటర్లు భయపడి ఒక్కుమ్మడిగా బ్యాంకు మీద పడితే అదీ రన్నే. ఎన్నికల్లో మాత్రం అమెరికా అభ్యర్థి 'రన్' చేస్తాడు, బ్రిటన్ అభ్యర్థి మనవాడిలాగే నిలబడతాడు.

ఇవన్నీ తెలుగులోకి తెచ్చి చూడండి. బస్సును నడుపుతాం. సినిమా వంద రోజులు ఆడుతుంది. ముక్కు కారుతుంది. ఇంగ్లిషు ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట మనం నాలుగైదు పంచిపెట్టాం. మరోపక్క మన 'నడుచు' మోస్తున్న బరువూ తక్కువేం కాదు. బడి నడుస్తుంది, బేరం నడుస్తుంది, ఏలినాటి శని నడుస్తుంది, కొందరి మాట కొన్నిచోట్ల నడవదు. ఇక 'పారు' సంగతి. కాలువలో నీరు పారుతుంది, దొంగ పారిపోతాడు. కాళ్లకూ నీళ్లకూ మనకూ ఒకే మాట ఉంది. ఇంగ్లిషుతో ఏ చుట్టరికం లేని భాషకు అదే ఊహ తట్టడం నాకెంతో ఆనందం కలిగించే సంగతి.

ఇలాంటి మాటల లెక్క తీయాలంటే జనం నోటి నుంచే తీయాలి. కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం అలా రైతులను అడిగి కూర్చినదే. మన క్రియల్లో ఒక్కొక్కదానికీ మర్రే గదిలో ఉన్నన్ని చీటీలు పోగుపడాలని నా కోరిక. రైతులు బోరు చూపించి "దీని కింద రెండెకరాలు పారుతుంది" అంటారు. ఆ వాక్యంలో పారేది నీరు కాదు, పొలం. నీళ్లు తాగిన నేలనే పారిందనడం మన రైతు చేసిన కొత్త అర్థం. మొదటి చీటీ మీద నేను ఆ వాక్యమే రాసుకున్నాను.