బేగంపేటలో కొలిచిన చుక్కలు

2023 ఆగస్టు 23 సాయంత్రం ఎక్కడున్నారంటే మీలో చాలామంది ఠక్కున చెప్పేస్తారు. నేనైతే ఆఫీసులో ఉన్నాను. పని పక్కన పడేసి, మీటింగు గదిలో ప్రొజెక్టరు మీద ఇస్రో ప్రసారం పెట్టుకుని, చంద్రయాన్-3 దిగుతుంటే అందరం గుడ్లప్పగించి చూస్తున్నాం. 6 గంటల 4 నిమిషాలకి విక్రమ్ దిగింది. చప్పట్లు, ఈలలు, ఎవరో పరుగెత్తి స్వీట్లు కూడా తెచ్చారు. ఆ గోలలో మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా పక్కకొచ్చి అడిగాడు: "అన్నా, చంద్రుడి దగ్గర జీపీఎస్ ఉండదు కదా. మరి వీడు ఎటు తిరిగున్నాడో వీడికెలా తెలుస్తుంది?"

ఇంట్లో ఓ చిన్న టెలిస్కోపు ఉన్న పాపానికి ఆఫీసులో నేనే ఆస్థాన ఖగోళ పండితుణ్ణి. దర్జాగా చెప్పాను. "స్టార్ ట్రాకర్ అని ఓ కెమెరా ఉంటుంది. ఎదురుగా కనబడ్డ చుక్కల్ని ఫొటో తీస్తుంది. తన మెమరీలో ఉన్న నక్షత్రాల జాబితాతో పోల్చుకుంటుంది. ఏ చుక్క ఏదో తేలితే తను ఎటు తిరిగుందో లెక్క కట్టేస్తుంది. మన భాషలో చెప్పాలంటే లుకప్ టేబులు."

"ఆ టేబుల్లో డేటా ఎవరెక్కించారన్నా?"

అక్కడ దొరికిపోయాను. చూసి చెప్తానన్నాను.

జవాబు కోసం వెతుక్కుంటూ పోతే, అందులో ఒక దారి పారిస్, మాస్కో అన్నీ తిరిగి తిన్నగా బేగంపేట వచ్చి ఆగింది. అవును, మన బేగంపేటే! మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావా, ఒరాకిల్ బట్టీపట్టి ఉద్యోగాల్లో పడ్డ వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఏడాదిపాటు ఆ వీధులన్నీ కాలినడకన తిరిగాను. కూతవేటు దూరంలో ఇంత కథ జరిగిందని నాకు తెలీనే తెలీదు.

కథ ఒక నవాబుగారి సరదాతో మొదలైంది. నిజాం కొలువులో జఫర్ జంగ్ అనే ప్రభువు ఉండేవాడు. ఆయనకి ఆకాశం పిచ్చి. డబ్లిన్‌లోని గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు కొని, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టుకున్నాడు. ఫొటోలు తీసే ఇంకో 8 అంగుళాల దూరదర్శిని కూడా తెప్పించాడు. తన తర్వాత వాటిని ప్రభుత్వం తీసుకోవాలన్నది ఆయన కోరిక. 1907లో ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. చాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన్ని డైరెక్టరుగా పెట్టి, వేధశాలని బేగంపేటకి మార్చారు. అదే నిజామియా అబ్జర్వేటరీ.

అప్పటికి ప్రపంచంలో ఓ భారీ ప్రాజెక్టు నడుస్తోంది. 1887లో పారిస్‌లో ఖగోళవేత్తలంతా సమావేశమై, ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి, పదకొండో తరగతి కాంతి దాకా ఉన్న ప్రతి చుక్క స్థానాన్నీ కొలవాలని తీర్మానించారు. (మామూలు కంటికి ఆరో తరగతి దాకానే కనిపిస్తాయి.) ఇరవై దాకా వేధశాలలు ఆకాశాన్ని అడ్డగీతలుగా కోసుకుని పంచుకున్నాయి. స్పెసిఫికేషను అందరికీ ఒకటే: గాజు ప్లేటు మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక ఆర్క్‌నిమిషం. పారిస్, గ్రీనిచ్, ఆక్స్‌ఫర్డ్, వాటికన్... ఇలాంటి పేర్లన్నమాట. వాటిలో చిలీలోని శాంటియాగో చేతులెత్తేసింది. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న ఆ పట్టీని హైదరాబాద్ నెత్తినేసుకుంది.

1914 చివర్లో, రాబర్ట్ పోకాక్ డైరెక్టరుగా ఉండగా ఫొటోలు మొదలయ్యాయి. 1918లో ఆయన చనిపోతే టి.పి.భాస్కరన్ పగ్గాలు పట్టుకున్నాడు. ఆ వేధశాలకి ఆయనే తొలి భారతీయ డైరెక్టరు. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకి వెళ్ళింది. ఒప్పుకున్న పట్టీ పూర్తిచేసి ఊరుకోలేదు. జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన భాగంలో ప్లస్ 36 నుంచి ప్లస్ 39 డిగ్రీల దాకా కూడా తీసుకుని, 1930ల చివరికల్లా ఆ ఫొటోలూ ముగించారు. తేలిన జాబితాలు పన్నెండు సంపుటాలు!

ఫొటో తీస్తే అయిపోలేదు. రాత్రి ఒకళ్ళు ప్లేటు తీస్తే, పగలు మరొకళ్ళు దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టుకోవాలి. ప్లేటు మీద ముందే అచ్చువేసిన 5 మిల్లీమీటర్ల గళ్ళుంటాయి. ఒక్కో చుక్క ఏ గడిలో ఎక్కడుందో అడ్డం, నిలువు కొలిచి రాసుకోవాలి. తర్వాతి చుక్క. ఆ తర్వాతిది. ఇలా 7 లక్షలకు పైగా కొలతలు. ఇందులో కొత్త గ్రహం దొరకదు, పేపర్లో పేరు పడదు. వాళ్ళు చేసింది అచ్చంగా డేటా ఎంట్రీ.

అక్కడ అసిస్టెంటుగా పనిచేసిన ఒకాయన కొడుకు ఆ టెలిస్కోపుల చుట్టూనే పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద హార్వర్డ్‌కి వెళ్ళి 1949లో ఓ తోకచుక్కని కనిపెట్టాడు. పేరు వైను బప్పు. కావలూరు పెద్ద టెలిస్కోపుకి ఈయన పేరే పెట్టారు.

సరే, ఇంతా కష్టపడి చేసిన జాబితా ఏమైంది? బీరువాల్లోకి పోయింది. అన్ని వేధశాలలవీ కలిపి 254 సంపుటాలు, దాదాపు 46 లక్షల చుక్కలు. అచ్చువేసినవి ప్లేటు మీది అడ్డం, నిలువు కొలతలే. వాటిని ఆకాశంలోని స్థానాలుగా మార్చుకోవాలంటే మళ్ళీ బోలెడంత లెక్క. వాడుకునే నాథుడు లేడు. యూరప్ వేధశాలలు దశాబ్దాలపాటు దీంట్లో కూరుకుపోయి ఉండగా, అమెరికా వాళ్ళు నక్షత్రాల భౌతికశాస్త్రంలో ముందుకెళ్ళిపోయారన్న విమర్శ ఉంది. అందులో నిజం లేదని నేననను. 1970లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఈ ప్రాజెక్టు ఫైలు మూసేసింది. మనవాళ్ళ భాషలో డెడ్ ప్రాజెక్ట్.

1989 ఆగస్టులో యూరప్ వాళ్ళు హిప్పార్కోస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. నక్షత్రాల స్థానాలు కొలవడానికే పుట్టిన తొలి ఉపగ్రహం అది. పాపం, మోటారు మండక తప్పు కక్ష్యలో ఇరుక్కుపోయింది. కింద ఉన్న ఇంజనీర్లు పని విధానమంతా మార్చుకుని, 1993 దాకా దానిచేత పని చేయించారు. అది 1991 ప్రాంతంలో చుక్కలు ఎక్కడున్నాయో చక్కగా చెప్పింది. కానీ నక్షత్రాలు కదులుతాయి. జాబితా పదేళ్ళ తర్వాత కూడా పనికిరావాలంటే, ఏ చుక్క ఎంత వేగంతో ఎటు పోతోందో తెలియాలి. మసక చుక్కల విషయంలో మూడున్నరేళ్ళ కొలతలు అందుకు చాలవు.

అప్పుడు గుర్తొచ్చాయి బీరువాలు! మాస్కోలో కూర్చుని ఆ సంపుటాల్లోని అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. అమెరికా నావికాదళ వేధశాల వాటన్నిటినీ ఆకాశ స్థానాలుగా మార్చింది. లెక్క చూడండి. పాత ప్లేటు మీద ఒక చుక్క స్థానంలో పొరపాటు 0.35 ఆర్క్‌సెకను అనుకుందాం. ఇప్పటి లెక్కన అది చాలా మోటు కొలత. కానీ మధ్యలో 70 ఏళ్ళు గడిచాయి. 0.35ని 70తో భాగిస్తే వేగంలో వచ్చే పొరపాటు ఏడాదికి 0.005 మాత్రమే. కొలతలోని మోటుదనాన్ని కాలమే అరగదీసింది.

అలా 2000లో టైకో-2 జాబితా వచ్చింది. 25,39,913 నక్షత్రాలు, వాటిలో దాదాపు అన్నిటికీ వేగాలు. హిప్పార్కోస్, టైకో జాబితాల్ని వ్యోమనౌకలు దిశ తెలుసుకోవడానికి వాడుకున్నాయి. ఏ నౌకలో ఏ జాబితా అని నన్నడక్కండి గానీ, బేగంపేట ప్లేట్ల మీద కొలిచిన చుక్కలు ఆ లెక్కల్లో ఉన్నాయన్నది మాత్రం వాస్తవం.

ఆ తర్వాత గయా వచ్చింది. 2013 నుంచి 2025 జనవరి దాకా పనిచేసి, 180 కోట్ల నక్షత్రాల లెక్క తేల్చి, టైకో-2ని పాతబరిచేసింది. రేపు ఇంకోటొచ్చి గయాని పాతబరుస్తుంది, సహజం. కానీ ఎంత గొప్ప ఉపగ్రహమైనా 1914 నాటి ఆకాశాన్ని ఇప్పుడు వెళ్ళి ఫొటో తీసుకురాలేదు. ఆ పని ఆ రాత్రే చెయ్యాలి. ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా సరే చెయ్యాలి.

ఇదంతా చదివాక నాకు కాస్త సిగ్గేసింది. ఆమధ్య ఓ పాత సిస్టమ్ మూసేస్తూ, "పదేళ్ళనాటి డేటా ఎవరిక్కావాలి, తీసేయండి" అని ఒకే ఒక్క లైను రాసి నేనే అప్రూవ్ చేశాను. దాంతో ఎవరికైనా అవసరం పడిందా అంటే, ఇప్పటిదాకా లేదు. ఎప్పటికీ పడదేమో కూడా. కానీ అది తీసేసే ముందు పది నిమిషాలు కూడా ఆలోచించలేదు చూశారా, అదే గుచ్చుకుంటోంది. మెయింటెనెన్సు ప్రాజెక్టులో పడేశారని ఏడ్చిన రోజులు కూడా గుర్తొచ్చాయి. చుక్క తర్వాత చుక్క కొలుస్తూ రిటైరైపోయిన ఆ బేగంపేట ఉద్యోగులు, తమ అంకెలు ఎక్కడిదాకా వెళ్ళాయో తెలీకుండానే వెళ్ళిపోయారు.

నగరం వెలుగులు పెరిగాక వేధ పనులు నాగార్జునసాగర్ వైపున్న జాపాల్-రంగాపూర్‌కి తరలిపోయాయి. బేగంపేట స్థలంలో ఇప్పుడు సెస్ ఉంది. వాళ్ళ చిరునామాలో మాత్రం ఇంకా "నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్" అనే ఉంటుంది. మొదటిసారి ఆ బోర్డు చదివినప్పుడు రోడ్డు పక్కన బండి ఆపుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

ప్రశ్న అడిగిన కుర్రాడు కంపెనీ మారిపోయాడు. చూసి చెప్తానన్న జవాబు మాత్రం బాకీ ఉండిపోయింది. తమ్ముడూ, చదువుతున్నావా? ఆ డేటా ఎక్కించినవాళ్ళలో మనూరి వాళ్ళూ ఉన్నారు.